వదిన పంపిన డబ్బాల బస్తాలు

మరదలికి,

వదిన దీవెనలు. ఇక్కడ మేము క్షేమమే. ఇంకా ఎన్నాళ్లు క్షేమంగా ఉంటామన్నది నువ్వు రాసే జవాబును బట్టి ఉంటుంది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోను చేస్తే ఎత్తేది మా తమ్ముడు. పైగా నా చెవి సంగతి నీకు తెలుసు. నేను ఫోనులో గుట్టుగా మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుందని మీ అన్నయ్యగారు అంటారు. అంటారనే అనుకుంటున్నాను. ఆయన అన్నది నాకు వినపడదు, మొహం చూసి తెలుసుకోవాలి.

విషయానికొస్తాను. మా వీధి టైలరు గుడ్డ కొనడానికి మీ ఊరొచ్చాడు. బస్టాండు వెనక బారు పక్క సందులో మా తమ్ముణ్ణి చూశాడట. వాడు వంగి, నేలమీది బీరు డబ్బా తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడట. లోపల ఇంకా ఏమన్నా మిగిలిందా అని కాబోలు. ఆ తర్వాత దాన్ని భుజాన ఉన్న గోనెసంచిలో వేసుకుని ఇంకో డబ్బా కోసం వెతికాడట. టైలరు పలకరించబోయి, వాడు సిగ్గుపడతాడని తప్పుకున్నాడట. ఇదంతా మీ అన్నయ్యగారి చొక్కాకి కొలతలు తీస్తూ చెప్పాడు. టైలరు గొంతు పెద్దది, నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈయన ఇంటికొచ్చి నోరు విప్పేవారా?

మా నాన్న దగ్గుమందు కూడా మూతతో కొలిచి తాగినవాడు. అలాంటి ఇంట్లో పుట్టి, లేతు మిషను మీద అంత పేరు తెచ్చుకున్నవాడు సందుల్లో డబ్బాలు ఊపుకునే స్థితికి వచ్చాడా? ఎప్పట్నుంచి? మొగుడు అలా తిరుగుతుంటే నువ్వు ఆ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెట్టుకుంటూ కూర్చున్నావా?

ఉన్నది ఉన్నట్టు రాయి. వాడి కంట ఈ ఉత్తరం పడనివ్వకు.

నీ మేలు కోరే
వదిన

తా.క.: వాడికి అలవాటైన బీరు ఏదో కనుక్కుని రాయి. మీ అన్నయ్యగారు అడగమన్నారు. ఎందుకో చెప్పలేదు.

* * *

వదినగారికి,

నమస్కారాలు. క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను.

మీ ఉత్తరం షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే చదివాను. చదివాక విప్పే ఓపిక లేక అలాగే కూర్చున్నాను. వదినగారూ, నేను లాండ్రీలో కూర్చోను. అక్కడ కుర్చీలు లేవు.

మీ తమ్ముడు తాగడం లేదు. ఒక్క చుక్క కూడా ముట్టరు. ఆయన ఆ ఖాళీ డబ్బాలు ఏరి, పాతసామాన్ల కొట్టులో అల్యూమినియం కింద అమ్ముతారు. అంతే సంగతి.

మీకు చెప్పకుండా దాచినది ఒకటుంది. వర్క్‌షాపు మూతపడ్డాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. లేవమంటే లేచేవారు, తినమంటే తినేవారు. చెప్పకపోతే రెండూ లేవు. షిఫ్టుకు వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆయన్ని మంచం మీంచి లేపడం నాకు రెండో ఉద్యోగమైంది. అలా నెలలు గడిచాయి. ఒకరోజు పై వాటాలో ఉండే కుర్రాళ్లు ఏదో పార్టీ చేసుకుని డబ్బాలన్నీ పెరట్లోకి విసిరారు. గాలికి అవి దొర్లి దొర్లి ఒకటే మోత. ఆ మోత భరించలేక ఈయన లేచి వాటిని ఏరారు. ఏరినవి ఏం చెయ్యాలో తెలియక కొట్టుకు తీసుకెళ్లారు. వచ్చేటప్పుడు టమాటాలు తెచ్చారు. ఎవరూ చెప్పకుండా గడ్డం గీసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను, సంతోషంతోనే.

ఇప్పుడు తెల్లవారకముందే లేస్తున్నారు. ఒక్కరోజు వెళ్లకపోతే కాలు నిలవదు, చేతులు ఊరుకోవు. నాతో మాట్లాడుతూ నడుస్తున్నవారు దారిలో డబ్బా కనిపిస్తే మాట సగంలో వదిలేసి అటు పోతారు. మంచం కింద, బీరువా మీద, స్నానాలగదిలో, ఎక్కడ చూసినా డబ్బాలే. ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా అదే వాసన. కానీ మొహంలో కళ ఉంటుంది. డబ్బా ఊపేది ఎందుకంటే, లోపల తడి ఉంటే కొట్టాయన ఒప్పుకోడు. బరువు కోసం నీళ్లు పోసి మోసం చేసేవాళ్లున్నారట. అందుకే అందరూ ఆయన్ని తూకాలాయన అంటారు, అంత కచ్చితం. ఆ తూకాలాయన మీ తమ్ముడి బస్తాను మాత్రం విప్పకుండానే కాటా మీద పెడతాడు. అదే ఈయనకి పెద్ద గౌరవం.

దయచేసి ఆయన్ని ఏమీ అనకండి. ఈ పని పోతే ఆయన మళ్లీ లేవరు. మళ్లీ లేపే శక్తి నాకు లేదు.

ఇట్లు
మీ మరదలు

తా.క.: బీరు సంగతి అడిగాను. పొడుగు డబ్బా మంచిదట, పొట్టి డబ్బా మరీ పలచనట. అన్నయ్యగారికి ఇది పనికొస్తుందో లేదో తెలియదు.

* * *

మరదలికి,

వదిన దీవెనలు. నీ ఉత్తరం చదివి మంచమెక్కాను, నిన్న దిగాను.

అమ్మాయ్, మొగుణ్ణి వెనకేసుకురావడం ఇల్లాలి లక్షణమే, కాదనను. కానీ నువ్వు దాచబోయి అన్నీ చెప్పేశావు. నీ ఉత్తరం పట్టుకెళ్లి మా వీధి కాంపౌండరుకు చదివి వినిపించాను. ఎవరికీ వినపడకుండా చెవిలోనే చదివాను. అయినా బయట బెంచీ మీద ఉన్నవాళ్లందరూ లోపలికి తొంగిచూసి 'అయ్యో పాపం' అన్నారు. తెల్లవారకముందే లేవడం, వెళ్లకపోతే చేతులు ఊరుకోకపోవడం, మంచం కింద దాచడం, ఒళ్లంతా వాసన, భార్యతో మాట్లాడుతూ దాన్ని చూసి పరుగెత్తడం. కాంపౌండరు ఒక్కొక్కదానికి తల ఊపుతూ వచ్చాడు. చివరికి 'బాగా ముదిరింది' అన్నాడు. పొడుగుది మంచిది, పొట్టిది పలచన అన్న మాట తాగనివాడి నోట్లోంచి ఎలా వస్తుంది, నువ్వే చెప్పు.

ఆ టమాటాల కథ నీకు వాడే చెప్పి ఉంటాడు. నువ్వు నమ్మావు. అమాయకురాలివి.

ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. రోజూ చిటికెడు వాడి టీలో కలుపు. వారంలో ఆ డబ్బా పేరెత్తితేనే మొహం తిప్పుకుంటాడని కాంపౌండరు హామీ ఇచ్చాడు. రంగు, రుచి, వాసన ఉండవన్నాడు. వాసన కొంచెం ఉంది, నేను చూశాను.

తమ్ముణ్ణి అడిగానని చెప్పు. వద్దులే, అనుమానం వస్తుంది.

ఎప్పుడూ మీ బాగే కోరే
వదిన

తా.క.: ప్రమాదం లేదని తేల్చుకోవడానికి ముందు మీ అన్నయ్యగారి టీలో వేసి చూశాను. సాయంత్రం దాకా నోరు మెదపలేదు. మామూలుగానే మెదపరు కాబట్టి అది పొడి వల్లో కాదో తేలలేదు.

* * *

వదినగారికి,

నమస్కారాలు. పడుకుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు వాలిపోయాయి. నాతో పనిచేసే ఆవిడ సెలవులో ఉంది. ఆవిడ దుప్పట్లు కూడా నేనే మడుస్తున్నాను.

మీ పొడి నేను టీలో కలపలేదు. పారేద్దామని కుళాయి దగ్గర పెట్టి, షిఫ్టుకు టైమవుతుంటే మర్చిపోయాను. మీ తమ్ముడు దాన్ని పళ్లపొడి అనుకుని శుభ్రంగా తోముకున్నారు. నాలుక మొద్దుబారింది. ఆ సంగతి ఆయనకి తెలియదు, కొట్టుకు వెళ్లి నోరు తెరిచేదాకా.

కొట్టులో తూకాలాయన 'ఏం మాస్టారూ, ఈ రోజు ఆలస్యమైందే' అన్నాడట. ఈయన ఏదో చెప్పబోతే ముద్దముద్దగా వచ్చిందట. మళ్లీ చెప్పబోయారట, ఇంకా ముద్దగా వచ్చిందట. చేతులతో చెప్పబోయి కాటాకి తగిలి తూలారట. భుజాన బీరు డబ్బాల బస్తా, ఒంటినిండా ఆ వాసన. తూకాలాయన ఈయన్ని బెంచీ మీద పడుకోబెట్టి, నిమ్మరసం పట్టించి, తోపుడుబండి మీద ఇంటికి పంపాడు. పట్టపగలు, వీధంతా చూస్తుండగా.

వదినగారూ, మీ ఊళ్లో ఆయన తాగుబోతని మీరు చాటారు. ఇక్కడ ఆ పేరు లేదని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు ఇక్కడా వచ్చింది. పైవాటా కుర్రాళ్లు ఆయన్ని చూడ్డానికి కిందికి వచ్చారు. 'అంకుల్, మాకొక మాట చెప్పాల్సింది' అని చనువుగా కోప్పడ్డారు. అప్పట్నుంచి ఖాళీలు పెరట్లోకి విసరకుండా చేతికే తెచ్చి ఇస్తున్నారు. జరిగినదాంట్లో మంచి అదొక్కటే.

నా మాట నమ్మకపోతే మీరే వచ్చి ఆయన నోరు వాసన చూడండి. లేదా అన్నయ్యగారిని అడగండి. ఆయన ఏమన్నా నాకు సమ్మతమే. ఇంక ఇదే విషయం మళ్లీ మళ్లీ రాయడం నాకు చేతకాదు.

ఇట్లు
మీ మరదలు

తా.క.: మిగిలిన పొడి వంటింటి తూములో పోశాను. అప్పట్నుంచి ఒక్క బొద్దింక కనపడలేదు. ఇంకో పొట్లం ఉంటే పంపండి.

* * *

మరదలికి,

వదిన వెయ్యి దీవెనలు. నన్ను క్షమించు తల్లీ.

నీ ఉత్తరం మీ అన్నయ్యగారి ముందు పెట్టాను. ఆయన మొదట్నుంచి వచ్చినవన్నీ వరసగా చదివి, కళ్లజోడు తీసి, ఒక కాగితం మీద రాసి చూపించారు. 'నీ తమ్ముడు తాగడం లేదు. ఏరుతున్నాడు. అమ్ముతున్నాడు. ఆమె మొదటి ఉత్తరంలోనే చెప్పింది.' అప్పుడు నాకు తల తిరిగింది. కొట్టులో బెంచీ మీద పడుకోబెట్టారన్నది మళ్లీ మళ్లీ చదివాను. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే నా ఒళ్లోనే పడుకునేవాడు. అలాంటివాడికి నేనే మందు పెట్టి నవ్వులపాలు చేశాను.

ఇంక ఊరుకుంటానా? వాడి బతుకుతెరువు అదైతే అక్కగా నా వంతు నేను చెయ్యొద్దూ? మా వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. టీకొట్టు, మంగలి షాపు, సినిమాహాలు, ఒక్క చోటు వదల్లేదు. బారులోకి కూడా వెళ్లాను. నన్ను చూసి ఇద్దరు తాగడం మానేసి లేచి వెళ్లిపోయారు, వాళ్ల డబ్బాలు కూడా నాకే వచ్చాయి. మొత్తం మూడు బస్తాలు నింపి, మూతి కుట్టి, పార్సిలు లారీలో తమ్ముడి పేర పంపాను. వాడికి ముందుగా చెప్పకు. చూసి సంతోషపడనీ.

ఆయన చొక్కా కుట్టిన టైలరుతో కూడా చెప్పాను, 'మా తమ్ముడు వ్యాపారం పెట్టాడు' అని. మా పరువు మళ్లీ నిలబడింది.

ప్రేమతో
వదిన

తా.క.: ఆ డబ్బాలు చేత్తో పట్టుకుంటే బొత్తిగా బరువే లేవు. తూకానికి ఏం వస్తుంది పాపం వాడికి? అందుకని ఒక్కోదాంట్లో గుప్పెడు ఇసుక పోసి మూతి నొక్కేశాను. మీ అన్నయ్యగారు దూరం నుంచి చేతులు ఊపారు. ఈగలు తోలుకుంటున్నారనుకున్నాను.

* * *

వదినగారికి,

నమస్కారాలు.

మీ ఉత్తరం కంటే మీ బస్తాలు ముందొచ్చాయి.

పార్సిలు ఆఫీసు నుంచి కబురొస్తే మీ తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు. 'మా అక్క పంపింది' అని అక్కడ గుమాస్తాకి చెప్పారట, బండివాడికి చెప్పారట, దారిలో కనిపించినవాళ్లందరికీ చెప్పారట. బస్తాలు ఎక్కించింది హమాలీలు. వాళ్లు బరువుగా ఉన్నాయంటే 'మా అక్క దేన్నైనా కూరి కూరి నింపుతుంది' అని నవ్వారట. రోజూ ప్రతి డబ్బా ఊపి చూసుకునే మనిషి, ఈ ఒక్కసారి కుట్టు విప్పి చూడలేదు. మీరు కుట్టారు కాబట్టి.

నేరుగా కొట్టుకు తీసుకెళ్లారు. కాటా మీద పెడితే ముల్లు అటు చివరికి పోయింది. తూకాలాయన ముల్లు వైపు చూసి, ఈయన వైపు చూసి, కత్తితో బస్తా కోశాడు. ఒక డబ్బా తీసి వంచాడు. ఇసుక ఈయన చెప్పుల మీద పడింది. కొట్టులో ఉన్న మిగతా ఏరేవాళ్లందరూ చూస్తున్నారు. 'మిమ్మల్నొక్కర్నే విప్పకుండా నమ్మాను మాస్టారూ. రేపట్నుంచి ఇటు రాకండి' అన్నాడట. గట్టిగా కూడా అనలేదట.

అక్క తెలియక చేసిందని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా. చెప్పలేదు. బస్తాలు మళ్లీ బండెక్కించుకుని ఇంటికొచ్చి, చొక్కా విప్పి మడతపెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నారు. మీ ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. అందాకా నాకూ ఏమీ తెలియదు. నేను కూడా ఆయన్నే అనుమానించాను. అది ఇంకో బాధ.

నాకు కోపం రావడం లేదు వదినగారూ. కోపానికి కూడా ఓపిక కావాలి. ఈ వారం రోజూ లేపి చూశాను. లేవమంటే లేస్తున్నారు, తినమంటే తింటున్నారు. మళ్లీ మొదటికొచ్చింది. నిన్న లాండ్రీలో దుప్పటి మడుస్తూ నిలబడే నిద్రపోయాను. సూపర్‌వైజరు సెలవు పెట్టి వెళ్లిపొమ్మంది.

నేను మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. మీరు రండి. తాళంచెవి కింది వాటాలో ఇస్త్రీ చేసే ఆవిడ దగ్గర ఉంటుంది. ఆయన్ని లేపడం ఇప్పుడు మీ వంతు. ఏదైనా ఉంటే మా అక్క ఇంటికే రాయండి, అడ్రసు వెనక రాశాను.

ఇట్లు
మీ మరదలు

తా.క.: డబ్బాల్లో ఇసుకంతా ఇస్త్రీ ఆవిడ పోయించుకుని గుమ్మం ముందు గుంత పూడ్చుకుంది. మీకు కృతజ్ఞతలు చెప్పమంది. ఇంకో గుంత ఉందట.

* * *

మరదలికి,

వదిన దీవెనలు. నీ ఇంట్లో, కాలు విరిగిన నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఈ కుర్చీ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదా?

వచ్చిన రోజు వాడి మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. కదల్లేదు. తిట్టాను. కదల్లేదు. కాళ్లు పట్టుకుంటానన్నాను. కాళ్లు ముడుచుకున్నాడు. వాడిలా పడుకోవడం చూస్తే భయమేసింది అమ్మాయ్. దీన్ని నెలల తరబడి చూస్తూ నువ్వు పనికెలా వెళ్లావో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఏం తోచక వాడి గోనెసంచి నేనే భుజాన వేసుకుని వెళ్లాను. కనిపించిన డబ్బానల్లా ఏరాను. పాలపొడి డబ్బా, బూటుపాలిష్ డబ్బా, రంగుల డబ్బా, ఏదో పురుగుమందు డబ్బా. ఇంటికొచ్చి వాడి మంచం ముందే కింద కుమ్మరించి, ఒక్కొక్కటి సుత్తితో అణగ్గొట్టడం మొదలుపెట్టాను. ఎంతసేపు కొట్టానో తెలియదు. వాడు గోడకి ఏదో చెబుతున్నట్టు వీపు కదిలింది. నాకేం వినపడుతుంది? కొడుతూనే ఉన్నాను. మళ్లీ ఏదో అన్నాడు. వినపడలేదు. ఇటు తిరిగి అన్నాడు. వినపడలేదు. లేచి కూర్చుని అరిచాడు. అరుస్తున్నాడని తెలిసింది కానీ ఏమిటో తెలియలేదు. చివరికి మంచం దిగి, వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, సుత్తి లాక్కుని, చెవిలో నోరు పెట్టి చెప్పాడు. 'అవన్నీ ఇనుమక్కా. ఇనుము ఏరకూడదు. అయస్కాంతం అంటుకుంటే అది మనది కాదు.'

నేను సుత్తి మళ్లీ అడగలేదు. వాడి తల పట్టుకుని ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. ఆ తర్వాత వాడే కూర్చుని పనికొచ్చేవి వేరు చేశాడు. మొత్తంలో ఒక్కటి పనికొచ్చింది.

సాయంత్రం ఇద్దరం కొట్టుకు వెళ్లాం. వాడు లోపలికి రానన్నాడు, రోడ్డు అవతల నిలబడ్డాడు. నేను వెళ్లి తూకాలాయన చెవిలో గుట్టుగా చెప్పాను, ఇసుక పోసింది నేనని, తమ్ముడికి తెలియదని, నేనొట్టి తెలివితక్కువదాన్నని. రోడ్డు మీద పోయే రిక్షా ఆగిపోయింది. 'కొంచెం మెల్లగా చెప్పండమ్మా' అన్నాడు తూకాలాయన. మెల్లగానే చెబుతున్నానన్నాను. ఆయన రోడ్డు దాటి వెళ్లి వాణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఆయనకీ ఒక అక్క ఉందట. ఒక్క షరతు పెట్టాడు, ఇక మీద నేను సాయం చెయ్యకూడదని.

నీ నీళ్లు నేనే పడుతున్నాను. ఆ మెట్లెక్కి బిందెలు మొయ్యడం రోజూ నీ పనేనా? నిన్ను అదీ ఇదీ అన్నాను. ఏమీ తెలియక అన్నాను. వాడు పొద్దున్నే లేచి వెళ్తున్నాడు, నువ్వెప్పుడొస్తావని అడుగుతున్నాడు. నిశ్చింతగా వచ్చెయ్.

నీ
వదిన

తా.క.: వచ్చినప్పట్నుంచి మీ అన్నయ్యగారికి రోజూ ఉత్తరం రాస్తున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఒంటరిగా కుమిలిపోతున్నారేమో పాపం. రేపో ఎల్లుండో బయల్దేరదామనుకుంటున్నాను.

* * *

వదినగారికి,

నమస్కారాలు. నేను క్షేమం. ఈసారి నిజంగానే రాస్తున్నాను.

మీ ఉత్తరం మా అక్క ఊరు వెళ్లి, అక్కడ ముద్ర వేయించుకుని, నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైంది. ఆయన మంచం దిగిన చోటు రెండుసార్లు చదివాను. గొప్ప సంతోషం కలిగింది. టీ కప్పు పక్కన పెట్టి మళ్లీ పడుకున్నాను.

నేను మా అక్క దగ్గర లేను. అక్కడ గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే అక్క తన మనవడిని నా చేతికిచ్చి 'సమయానికొచ్చావే, కాస్త నిద్రపుచ్చు' అంది. ఒక్క రాత్రి ఉన్నాను. తెల్లారి బస్టాండుకు వచ్చి కూర్చున్నాను. నేనెళ్తే ఎవరూ ఏ పనీ చెప్పని ఇల్లు ఈ ప్రపంచంలో ఏదైనా ఉందా అని ఆలోచించాను. మీరు లేని మీ ఇల్లు తోచింది. ఏమీ అనుకోకండి.

కవరు మీద పోస్టుముద్ర చూడండి. మీ ఊరిదే. నేను మీ ఇంట్లో, మీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

తలుపు తీసింది అన్నయ్యగారు. నా మొహం చూసి, చేతిలో సంచి తీసుకుని, 'నువ్వెలా ఉన్నావమ్మా' అన్నారు. వదినగారూ, ఏడాది బట్టి నన్నందరూ మీ తమ్ముడెలా ఉన్నాడనే అడిగారు. మీరడిగారు, తూకాలాయన అడిగాడు, లాండ్రీలో అడిగారు, మా అక్కా అడిగింది. నేనెలా ఉన్నానని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. జవాబు చెప్పబోయి మీ గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను. ఆయన నీళ్లు తెచ్చిచ్చి, ఏడ్చినంతసేపూ పక్కనే నిలబడ్డారు. ఊరుకోమని కూడా అనలేదు.

ఆ రోజు పడుకున్నదాన్ని మర్నాడు సాయంత్రం లేచాను. ఆయనే వండుతున్నారు, బానే వండుతారు. నేను లేస్తే టీ పెడతారు, లేవకపోతే చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్తారు. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోం. మాట్లాడేదేమీ లేదు, బాగుంది.

నేను వస్తాను. మీ తమ్ముడంటే ప్రేమ లేక ఇక్కడ కూర్చోలేదు. ఆయన పొద్దున్నే బస్తా భుజాన వేసుకుని వెళ్లడం నా కళ్లతో చూడాలని ఉంది. కానీ ఇంకొన్నాళ్లు ఎవర్నీ లేపకుండా ఉండాలని అంతకంటే ఎక్కువగా ఉంది. అందాకా బిందెలు జాగ్రత్త, మూడో మెట్టు జారుతుంది.

ఇట్లు
మీ మరదలు

తా.క.: మీ ఉత్తరాలన్నీ అన్నయ్యగారికి అందాయి. ఒక్కదానికైనా జవాబు రాయండి, వదినగారు బెంగపెట్టుకున్నారు అని నేనే బలవంతం చేశాను. కాగితం ముందు పెట్టుకుని పొద్దుపోయేదాకా ఆలోచించి రాశారు. ఆ కాగితం ఇందులోనే పెడుతున్నాను. 'ఇక్కడ అంతా ప్రశాంతం. నువ్వు తొందరపడకు.'